గాలికి ఎత్తిపోతల పథకం

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో, దాళ్వా (రెండో పంట) నాట్లు అయిపోయిన రోజుల్లో, ఒక రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, కిటికీ పక్కన బెంచీ ఖాళీగానే ఉంది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు ఉద్యోగం చేశాను. కొన్నేళ్ళు సబ్‌స్టేషన్లలో, చాలా ఏళ్ళు లోడ్ డిస్పాచ్ కంట్రోల్ రూములో. ఏ నిమిషంలో ఎక్కడ ఎంత కరెంటు పుడుతోంది, ఎక్కడ ఎంత ఖర్చవుతోంది, రెండూ సరిపోతున్నాయా లేదా, ఇది చూడటమే నా పని. ఇవాళ చెప్పబోయేది వాతావరణం సంగతే అయినా, దాన్ని ఆ కంట్రోల్ రూము కుర్చీలోంచే చూస్తాను. నాకు బాగా తెలిసిన చోటు అదే.

సంక్రాంతికి మా చెల్లెలి మనవడు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఐస్‌లాండ్ దేశంలో వరసగా పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టారు. అవి గాలిని లోపలికి లాగి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, భూమి లోపలికి పంపించేస్తున్నాయి. మా చిన్నప్పుడు పాఠాల్లో దాన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. "తాతయ్యా, ఇవి ఒక వెయ్యి పెట్టేస్తే ఇక బొగ్గు ఎంత కాల్చుకున్నా ఫర్వాలేదు కదా" అన్నాడు. వాడు తేలిగ్గా అడిగాడు గానీ, ఈ ప్రశ్నే పెద్ద పెద్ద సమావేశాల్లోనూ తిరుగుతోంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. కాగితం, పెన్ను తెమ్మన్నాను. ఆ రాత్రి మేమిద్దరం వేసిన లెక్కే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మన నీళ్ళ దగ్గర మొదలుపెడదాం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు, సుమారు పది లక్షల ఎకరాలకు, నీళ్ళు పల్లానికి పారి వస్తున్నాయి. ఆ కాలువలకు మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. ఇప్పుడు పట్టిసీమకు రండి. అక్కడ 24 పంపులు పెట్టి అదే గోదావరి నీళ్ళను పైకి ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తారు. నది అదే, నీళ్ళు అవే. పారడం దానంతటది జరుగుతుంది. ఎత్తిపోయాలంటే మాత్రం మీటరు తిరగాలి.

బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు గాలిలో కలవడం, నీళ్ళు పల్లానికి పారడం లాంటిది. దాన్ని కలపడానికి ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. కలిసిపోయినదాన్ని మళ్ళీ ఏరి తీయడం ఎత్తిపోతల. ఎంత పల్లంలోంచి ఎత్తుతున్నామో చూడండి. ఫ్యాక్టరీలు మొదలవక ముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో 280 ఈ వాయువువి ఉండేవి. ఇప్పుడు 420 దాటింది. వాతావరణాన్ని వేడెక్కించడానికి అది చాలా ఎక్కువ. ఏరి తీయడానికి చూస్తే మాత్రం చాలా తక్కువ. సుమారు 2,400 అణువుల్లో ఒకటి. గుప్పెడు ధాన్యం తీసుకుని అందులో ఎక్కడో ఉన్న ఒక్క కేళీ (వేరే రకం) గింజను ఏరి పక్కన పెట్టడం అనుకోండి. ఆ తరువాత ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు. అలా ఒక టన్ను పోగు చేయాలి. ఒక ఘనపు మీటరు గాలిలో ఈ వాయువు ఒక గ్రాము కూడా ఉండదు. టన్ను కావాలంటే, ఉన్నదంతా చిక్కుతుందనుకున్నా, 13 లక్షల ఘనపు మీటర్ల గాలి ఆ ఫ్యాన్లలోంచి పోవాలి.

ఫ్యాన్లు తినే కరెంటు అసలు ఖర్చులో చిన్న భాగం. మిషన్ లోపల ఒక రసాయనం పూసిన జల్లెడ లాంటిది ఉంటుంది. వాయువు దానికి అంటుకుంటుంది. దాన్ని మళ్ళీ విడిపించాలంటే వేడి చేయాలి. ఒక రకం పద్ధతిలో 80 నుంచి 100 డిగ్రీలు చాలు. ద్రావణం వాడే ఇంకో రకంలో 900 డిగ్రీల దాకా పోవాలి. మన బాయిల్డ్ రైసు మిల్లు నడిపేవాళ్ళను అడగండి, ధాన్యం ఉడకబెట్టడానికి ఆవిరికి అయ్యే ఖర్చెంతో, బెల్టులు తిప్పడానికి అయ్యేదెంతో. ఇక్కడా అంతే, వేడిదే సింహభాగం. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలను మన యూనిట్లలోకి మారిస్తే, వేడి, కరెంటు అన్నీ కలిపి టన్నుకు సుమారు 1,700 నుంచి 2,800 యూనిట్ల శక్తి. ప్రకృతి నియమం ప్రకారం ఎంత గొప్ప మిషన్ అయినా 120 యూనిట్లకు దిగలేదు. కాబట్టి ముందు ముందు తగ్గడానికి చోటుంది, సున్నా అయ్యే దారి లేదు. మేము ఆ రాత్రి టన్నుకు 2,000 యూనిట్లు అని రాసుకున్నాం. వేడి కూడా కరెంటుతోనే పుట్టిస్తే అయ్యే లెక్క ఇది. పక్కన ఊరికే పోయే వేడి దొరికితే కరెంటు నాలుగో వంతుకు తగ్గవచ్చు.

ఇప్పుడు ఆ 2,000 యూనిట్లు మన దేశంలో ఎక్కణ్ణించి వస్తాయి? మన కరెంటులో నాలుగింట మూడొంతుల దాకా బొగ్గుదే. సోలారు, గాలిమరలు, జలవిద్యుత్తు, అణువిద్యుత్తు అన్నీ కలిపి సగటు తీసినా, ఒక యూనిట్ తయారవడానికి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే లెక్క చెబుతోంది. రెండు వేల యూనిట్లను 0.7తో గుణించండి. 1,400 కిలోలు.

అంటే ఇవాళ మన గ్రిడ్ కరెంటు మీద ఆ మిషన్ తిప్పితే, ఒక టన్ను లోపలికి తీయడానికి ఒకటిన్నర టన్నుకు దగ్గరగా బయటికి వదులుతాం. నా మనవడు పెన్ను కింద పెట్టేశాడు. నేను ఉద్యోగంలో చాలా లెక్కలు చూశాను, ఒక్క గుణకారంతో ఇంత స్పష్టంగా తేలిపోయింది మరొకటి గుర్తు లేదు.

ఐస్‌లాండ్‌కు ఈ చిక్కు లేదు. వాళ్ళ కరెంటు దాదాపు మొత్తం జలవిద్యుత్తు, భూగర్భంలోని వేడితో పుట్టేది. ఆ వేడి మిషన్లకూ అక్కడే దొరుకుతుంది. 2021 సెప్టెంబరులో మొదలైన ఓర్కా అనే ప్లాంటును ఏడాదికి 4,000 టన్నుల కోసం కట్టారు. 2024లో మొదలైన మామత్‌ను 36,000 టన్నుల కోసం. కట్టిన సామర్థ్యానికి, నిజంగా పట్టిన టన్నులకు మధ్య ఇంకా చాలా దూరం ఉంది. కొత్త విద్యకు అది సహజమే. కానీ ఈ 36,000 టన్నులను మన దేశం ఏటా వదిలే సుమారు 300 కోట్ల టన్నుల పక్కన పెట్టి చూడాలి.

దేశం మొత్తానికి లెక్క వేద్దాం. మన 300 కోట్ల టన్నుల్లో పదో వంతు, అంటే 30 కోట్ల టన్నులు, ఇలా మిషన్లతో తీయాలనుకుంటే 60,000 కోట్ల యూనిట్లు కావాలి. దేశంలో ఇప్పుడు ఏడాదికి తయారవుతున్నది సుమారు 1,80,000 కోట్ల యూనిట్లు. మూడో వంతు! దీన్నే మనిషికి తగ్గించి చెప్తాను. మన దేశంలో సగటున ఒక మనిషి వాటా ఏడాదికి రెండు టన్నులు. దాన్ని గాలిలోంచి వెనక్కి తీయడానికి 4,000 యూనిట్లు. మరి ఆ మనిషి పేరున ఏడాదికి దేశం వాడుతున్న కరెంటు, ఫ్యాక్టరీల వాడకంతో సహా, దాదాపు 1,400 యూనిట్లు. మన ఫ్యాన్లు, మోటార్లు, రైళ్ళు, మిల్లులు అన్నిటికీ వాడుతున్నదానికి ఇంచుమించు మూడు రెట్లు, కేవలం మన పొగను వెనక్కి తీయడానికి.

ఇక్కడ కొంతమంది అనొచ్చు, ఆ మిషన్లు ఏ గుజరాత్‌లోనో రాజస్థాన్‌లోనో పెడతారు, మనకేం సంబంధం అని. ఇది వివరంగా చెప్పాలి. 2012 జూలై 30న, మళ్ళీ 31న ఉత్తర భారతం చీకటైపోయింది. రెండో రోజు 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతంలో కరెంటు పోయింది. మనకు పోలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో కలిపారు. ఆ రోజు నుంచి కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఉన్న ప్రతి జనరేటరూ ఒకే లయలో తిరుగుతోంది. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎక్కడ ఒక పెద్ద లోడ్, అంటే కరెంటు వాడకం, పడినా ఆ 50 కొంచెం కిందికి జారుతుంది, ఎక్కడో ఒక బాయిలరులో బొగ్గు కొంచెం ఎక్కువ పడుతుంది. రాజస్థాన్‌లో రాత్రి పూట ఒక మిషన్ ఆన్ చేస్తే, పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలవచ్చు. కంట్రోల్ రూములో కూర్చున్న వాళ్ళకు ఇది రోజూ తెరమీద కనపడే సంగతి.

ఏడాదికి పది లక్షల టన్నులు తీసే ఒక్క కేంద్రానికి రాత్రీ పగలూ ఆగకుండా సుమారు 230 మెగావాట్లు కావాలి. మన జేగురుపాడులో గ్యాస్ ప్లాంటు మొదటి దశ సామర్థ్యం రెండు వందల పైచిలుకు మెగావాట్లు. అంతటి ప్లాంటు ఒకటి మొత్తం ఈ ఒక్క పనికి అంకితమైపోవాలన్నమాట. దేశంలో గరిష్ఠ డిమాండు 2024 మే 30న 250 గిగావాట్లు తాకింది. ఆ రోజు వడగాడ్పులకు జనం ఏసీలు, కూలర్లు ఆపలేరు. అలాంటి సాయంత్రం ఈ లోడ్ కూడా పైన పడితే గ్రిడ్ నడిపేవాళ్ళకు ఎంత టెన్షనో నాకు తెలుసు.

అయితే ఈ మిషన్లకు ఒక మంచి గుణం ఉంది. దాని కోసమే నేను ఇవాళ వచ్చాను. అది చెప్పడానికి ముందు మా బావ చెరువు సంగతి చెప్పాలి.

ఉండి అనే ఊరి దగ్గర ఆయనకు రొయ్యల చెరువులు ఉండేవి. ఈ గదిలో సగం మందికి ఆక్వా తెలుసు. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే నాచు ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. అప్పుడు నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరగకపోతే రొయ్య నీటి పైకి తేలుతుంది. కౌంటు 40కి, అంటే కిలోకు 40 రొయ్యలు తూగే సైజుకు, వచ్చిన పంట, మర్నాడో ఆ మర్నాడో పట్టాలి అనుకుంటుండగా, ఒక రాత్రి మూడున్నరకు లైను ట్రిప్ అయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయింది. దాన్ని విప్పి తుడిచి పెట్టేసరికి గంటంబావు. తెల్లారేసరికి చెరువు గట్టు పొడుగునా తెల్లగా రొయ్య. మా అక్క, అంటే ఆయన భార్య, గట్టు మీద కూర్చుండిపోయింది. ఆ లైను చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాకపోయినా, కరెంటు ఉద్యోగం చేసేవాణ్ణి కాబట్టి ఆమె మొహం చూడలేకపోయాను. అప్పటి నుంచి ఏ లోడ్ గురించి విన్నా ముందు ఒకటే అడుగుతాను. దీన్ని గంటసేపు ఆపితే ఎవరికి నష్టం?

ఏరియేటరును ఆపితే పంట పోతుంది. ఆసుపత్రి ఐసీయూ ఆపితే ప్రాణం పోతుంది. గాలిలోంచి కార్బన్ తీసే మిషన్ ఆపితే ఏమీ కాదు. ఈ వాయువు గాలిలో వందల ఏళ్ళు ఉంటుంది. ఒక టన్నును ఇవాళ మధ్యాహ్నం తీసినా రేపు మధ్యాహ్నం తీసినా వాతావరణానికి తేడా రాదు. గాలికి వేళతో పని లేదు. గ్రిడ్‌కు మాత్రం వేళే ప్రాణం.

వేళ ఎలా మారిపోయిందో చూడండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పొలం మోటార్లకు రాత్రి కరెంటు ఇచ్చేవాళ్ళం, ఎందుకంటే రాత్రి మిగిలేది. రైతులు టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య తిరిగి మోటారు వేసుకునేవారు. ఇప్పుడు వ్యవసాయానికి పగటి పూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు. పగలు సోలారు ఉంది. మధ్యాహ్నం సోలారు విపరీతంగా వస్తుంది. సాయంత్రం ఆరున్నరకు అది పడిపోతుంది, సరిగ్గా ఇళ్ళల్లో లైట్లు వేసే వేళకు. ఆ సాయంత్రం కోసం బొగ్గు ప్లాంట్లను మధ్యాహ్నం కూడా నడుపుతూనే ఉండాలి. బాయిలరు గ్యాస్ స్టవ్ లాంటిది కాదు, ఆర్పి మళ్ళీ వెలిగించడానికి గంటలు పడుతుంది. పూర్తి సామర్థ్యంలో 55 శాతం కంటే కిందికి దించడం కష్టం, 40 దాకా దిగేలా మార్చాలని నిబంధనలు వచ్చాయి. అందుకని కొన్ని మధ్యాహ్నాలు సోలారునే ఆపేయాల్సి వస్తోంది. 2025లో రాజస్థాన్‌లో లైన్లు చాలక ఎండ కరెంటును వదులుకున్నారు. అదే వేసవిలో, కరెంటు కొని అమ్ముకునే విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొన్ని పగటి వేళల ధర దాదాపు సున్నాకు పడింది. మర్నాడు గాలివాన లేకపోతే సాయంత్రానికి అదే కరెంటు యూనిట్ పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకవచ్చు.

ఇలా పారబోసే మధ్యాహ్నపు కరెంటును ఆ మిషన్లు తాగితే? అప్పుడు బొగ్గు ఒక్క పెళ్ళ కూడా అదనంగా కాలదు, తీసిన టన్ను నిజంగా తీసిన టన్నే అవుతుంది. గ్రిడ్‌కు అదొక మెత్తటి దిండు లాంటి లోడ్. మిగిలినప్పుడు తీసుకుంటుంది, కొరత వస్తే ఒక ఫోన్‌తో వదిలేస్తుంది.

వినడానికి బాగుంది. చిక్కు మిషన్ యజమాని దగ్గర వస్తుంది. కోతల సీజనులో మన ఊళ్ళకు కోత మిషన్లు ఎక్కడెక్కణ్ణించో వస్తాయి. ఆ యజమాని మిషన్‌ను ఒక్క గంట ఖాళీగా ఉంచుతాడా? వెన్నెల్లో కూడా కోయిస్తాడు. అప్పు తెచ్చి కొన్న మిషన్ తిరిగితేనే కిస్తీ తీరుతుంది. గాలి మిషన్లూ అలాంటివే, ఇప్పటికి టన్నుకు వందల డాలర్ల ఖర్చు, అందులో పెద్ద భాగం మిషన్ ధరే. రోజుకు ఎనిమిది గంటలే తిప్పితే, అదే టన్నులకు మూడు రెట్లు మిషన్లు కొనాలి. అందుకని యజమానికి 24 గంటలూ కావాలి, గ్రిడ్‌కు అతను ఎనిమిది గంటలే కావాలి. ఈ లాగులాటను ఎవరు తీరుస్తారు? టారిఫ్ తీర్చాలి, రూలు తీర్చాలి. ఊరికే వదిలేస్తే డబ్బున్నవాడి వైపే తీరుతుంది.

ఇందులో మోసపోయే చోటు ఒకటుంది, దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి. కంపెనీ ఏమంటుందంటే, "మేము ఏడాదికి వాడేదంత సోలారు కరెంటు కొన్నాం, కాబట్టి మా మిషన్ శుద్ధమైన కరెంటుతోనే తిరుగుతోంది." కాగితం మీద లెక్క సరిపోతుంది. ఎండ కరెంటు పగలు గ్రిడ్‌లోకి వెళ్ళింది, మిషన్ రాత్రంతా బొగ్గు మీద తిరిగింది, ఏడాది చివర రెండు అంకెలూ సమానం. డెల్టా రైతుకు ఇది నేను చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోయాయి. ఆ నీళ్ళు ఏడాది లెక్కలో మనవే. ఫిబ్రవరిలో దాళ్వాకు శివారు చేను బీటలు వారితే, ఆగస్టు నీళ్ళ లెక్క చూపిస్తే తడుస్తుందా? అందుకే కదా వంతులు పెట్టుకుంటాం, ఈ కాలువకు ఇన్ని రోజులు, ఆ కాలువకు ఇన్ని రోజులు అని. సీలేరులో కరెంటు తయారుచేసి వదిలిన నీళ్ళ కోసం మన దాళ్వా ఎలా ఎదురుచూస్తుందో మీకు తెలుసు. కరెంటుకూ వంతు లెక్కే కావాలి. ఏ గంటలో వాడావో ఆ గంటలో పుట్టిన శుద్ధమైన కరెంటు చూపించు అనాలి. మన విద్యుత్ మార్కెట్‌లో రోజును పావుగంట చొప్పున 96 బ్లాకులుగా ఇప్పటికే లెక్కిస్తున్నారు. కొలిచే సాధనం లేదనడానికి వీల్లేదు.

ఇంకో మాట, నా మనవడి ప్రశ్నకు అసలు జవాబు ఇదే. అవే 2,000 యూనిట్ల ఎండ కరెంటు నీ చేతిలో ఉన్నాయి. మిషన్‌కు ఇస్తే గాలిలోంచి ఒక టన్ను తీస్తుంది. గ్రిడ్‌కు ఇచ్చి, ఆ మేరకు బొగ్గు కరెంటును తగ్గిస్తే? బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు ఒక కిలో వదులుతుంది. కాబట్టి రెండు టన్నులకు కాస్త తక్కువగా అసలు రాకుండానే ఆగిపోతుంది. తగ్గించడానికి బొగ్గు ఉన్నంతకాలం, ఆ గంటలో తగ్గించే వీలున్నంతకాలం, కరెంటును ఫ్యాన్లకు ఇవ్వడం సగం నష్టానికి అమ్ముకోవడమే. పడవకు చిల్లు పడితే ముందు చిల్లు మూస్తాం. నీళ్ళు తోడుతూనే ఉంటాంలే, చిల్లు అలాగే ఉండనీ అని ఏ సరంగూ అనడు.

మరైతే ఈ మిషన్లు అక్కర్లేదా అంటే, కావాలి. 2022లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం, ఐపీసీసీ, స్పష్టంగా చెప్పింది. నికర సున్నాకు, అంటే వదిలేదీ వెనక్కి తీసేదీ సమానమయ్యే స్థితికి, చేరాలంటే కొంత వెనక్కి తీయక తప్పదు. మన దేశం ఆ సున్నాకు 2070 అని గ్లాస్గోలో మాట ఇచ్చింది. సిమెంటులో సున్నపురాయి కాలిస్తే వాయువు రాక మానదు. దూరం పోయే విమానం బ్యాటరీతో ఎగరదు. మన వరి చేను ఉంది, నిలవ నీళ్ళలో మీథేన్ పుడుతుంది. నీళ్ళు ఆరగట్టి తడిపితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. వరి మానేయమని మనకు ఎవరూ చెప్పకూడదు, చెప్పలేరు. అలా మిగిలిపోయేవాటికి సరిపడా ఎక్కడో ఒకచోట వెనక్కి తీయాలి. ఆ చివరి కొద్దికి కావలసిన విద్య ఇప్పటి నుంచే నేర్చుకుంటేగాని అప్పటికి చేతికి రాదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఈ సీమలో కొబ్బరి చెట్లు ఎలా విరిగిపడ్డాయో చూసినవాణ్ణి. సముద్రం ఇంకా వేడెక్కి, ఇంకా పైకి వస్తే ఈ పల్లపు నేల ఏమవుతుందో నాకు దిగులు. కాబట్టి తీసే విద్య అక్కర్లేదని నేను అనను.

కరెంటు తినకుండా తీసే పద్ధతులూ ఉన్నాయి. కోరంగి మడ అడవులు ఒక్క యూనిట్ వాడకుండా ఆ పని చేస్తున్నాయి. ఇప్పటిదాకా ప్రపంచంలో మనుషులు వెనక్కి తీస్తున్నదంతా దాదాపు చెట్ల ద్వారానే. అడవికి నేల కావాలి, తుపాను వస్తే కూలుతుంది, అంతే దానికి హద్దు. ఊకనో వరిగడ్డినో బొగ్గుగా మార్చి నేలలో కలిపే పద్ధతి ఉంది, దానికీ కరెంటు పెద్దగా అక్కర్లేదు. ఊక కాల్చి కరెంటు తీసి, ఆ పొగలోని వాయువును పట్టి పాతిపెడితే గ్రిడ్‌కు కరెంటు ఇస్తూనే గాలిని తగ్గిస్తుంది. కాకపోతే తాను పుట్టించిన కరెంటులో కొంత తానే తినేస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది మన పంగిడి నల్లరాయి. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో పొంగిన లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చింది. పంగిడి, కాతేరు దగ్గర క్వారీల్లో మీరు చూసేది ఆ రాయే. మన కాళ్ళ కింద, రాజోలు వైపు కూడా లోతుల్లో అది ఉంది. ఐస్‌లాండ్‌లో వాయువును నీళ్ళలో కలిపి దింపింది ఇలాంటి బసాల్టు రాతిలోకే. అక్కడ జరిపిన ప్రయోగంలో దింపినదానిలో 95 శాతానికి పైగా రెండేళ్ళ లోపే రాయిగా మారిపోయిందని 2016లో ప్రచురించారు. అదే రాయిని పిండిలా చేసి వరి చేలో చల్లితే, వాననీటిలో కరిగే క్రమంలో అది గాలిలోని వాయువును కట్టేసుకుంటుంది. మన దేశంలో చిన్న రైతుల చేలల్లో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ అనే సంస్థకు 2025లో ఐదు కోట్ల డాలర్ల అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఇక్కడ కరెంటు క్రషర్‌లో ఖర్చవుతుంది. ఎంత మెత్తగా నూరితే అంత కరెంటు. కానీ క్రషర్‌ను మధ్యాహ్నమే తిప్పుకోవచ్చు, నూరిన పిండి నిలవ ఉంటుంది. క్రషర్ దగ్గర ఊరికే పడి ఉండే డస్టును వాడుకుంటే మరీ మంచిది. మన నేలల్లో అది ఎంత పనిచేస్తుందో చేలో కొలిచి చూడాల్సిన విషయం.

భూమిలోకి దింపే మాట వచ్చినప్పుడు కోనసీమ వాళ్ళు ఊరుకోకూడదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది, రాత్రుళ్ళు ఆ వెలుగు ఎంత దూరం కనపడేదో పెద్దవాళ్ళకు గుర్తే. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు లైను పేలి మనుషులు నిద్రలోనే కాలిపోయారు. కార్బన్ డయాక్సైడ్ మండదు, నిజమే. అది గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది, ఊపిరి ఆడనివ్వదు. 2020లో అమెరికాలో సటార్షియా అనే పల్లెటూరి దగ్గర ఇలాంటి పైపు పగిలి ఊరు ఖాళీ చేయించారు, కార్లు కూడా ఆక్సిజన్ అందక ఆగిపోయాయి. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే ఈ పల్లపు సీమలో అలాంటి పైపు వేస్తామని ఎవరైనా వస్తే, ఎక్కడ, ఎంత ఒత్తిడితో, పగిలితే ఎన్ని నిమిషాల్లో వాల్వు మూస్తారు అని గ్రామసభలో అడిగి రాయించుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(ఒక ఆక్వా రైతు: "అయ్యా, ఇంత పెద్ద లోడ్ వస్తే మా ఏరియేటర్లకి కరెంటు ఎక్కణ్ణించి వస్తుందండీ? మా రేటు పెరగదా?")

మీ భయం న్యాయమైనదే. వాళ్ళకు ఇచ్చే కనెక్షను వేరే ఫీడరు మీద, ఆపగలిగే లోడ్‌గా రాసుకుని ఇవ్వాలి. కొరత వస్తే మొదట వాళ్ళది ఆపాలి, మీది ఆఖరున. వాళ్ళ కోసం వేసే లైన్ల ఖర్చు వాళ్ళ బిల్లులోనే పడాలి, అందరి టారిఫ్‌లో కలపకూడదు. టారిఫ్ ఖరారు చేసే ముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. మీ సంఘం తరఫున ఒక్క కాగితం వెళ్ళినా అది రికార్డులోకి ఎక్కుతుంది.

(ఒక విద్యార్థిని: "సార్, మన దగ్గర గ్యాస్ ప్లాంట్లు గ్యాస్ లేక ఖాళీగా ఉన్నాయి కదా. వాటికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?")

మంచి ప్రశ్న అడిగావమ్మా, నేను వదిలేసిన ముక్క ఇది. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్ మీద నమ్మకంతో వేమగిరి, జేగురుపాడు, సామర్లకోట, రావులపాలెం వైపు కట్టినవి అవి. గ్యాస్ అనుకున్నట్టు రాలేదు. రేపు బొగ్గు పోయి అంతా సోలారు, గాలి, నీళ్ళు పైకి తోడి దాచుకునే పంప్డ్ స్టోరేజీ అయ్యాక కూడా ఏడాదిలో కొన్ని చెడ్డ రాత్రులు ఉంటాయి. వారం రోజులు ముసురు, గాలి లేదు, రిజర్వాయర్లు కిందికి వచ్చాయి. ఆ కొద్ది గంటల కోసం బ్యాటరీలు కొనిపెట్టుకుంటే ఏడాదంతా ఊరికే కూర్చుంటాయి, ఖర్చు భరించలేం. అప్పుడు గ్యాస్ ప్లాంటు నడుపుకుని, దాని పొగను తరువాత తీరిగ్గా వెనక్కి తీయవచ్చు.

నాతో పాటు లెక్క వెయ్యి. 400 మెగావాట్ల ప్లాంటు ఏడాదికి 100 గంటలు నడిచింది. నాలుగు కోట్ల యూనిట్లు. గ్యాస్ యూనిట్‌కు సుమారు 0.4 కిలోలు వదులుతుంది, అంటే 16,000 టన్నులు. దాన్ని గాలిలోంచి తీయడానికి టన్నుకు 2,000 చొప్పున 3 కోట్ల 20 లక్షల యూనిట్లు. పుట్టించినదానికి దాదాపు సరిపోయింది, ఏం మిగిలింది అంటావు. మిగిలింది వేళ. ఆ నాలుగు కోట్లు ముసురు రాత్రుల్లో వచ్చాయి, ఈ మూడు కోట్ల ఇరవై లక్షలు ఏప్రిల్ మధ్యాహ్నాల్లో పారబోసే ఎండ కరెంటులోంచి పోయాయి. పంట రోజుల్లో పురి కట్టి దాచుకుని కరువు నెలల్లో తిన్నట్టు. అయితే ఇది ఏడాదికి 100 గంటలకే సరిపోయే లెక్క. అదే ప్లాంటును 5,000 గంటలు నడిపి ఇదే సాకు చెబితే, తీయడానికి కావలసిన మధ్యాహ్నాలే ఉండవు.

నీకు ఇష్టమైతే ఒక పని చెయ్యమ్మా. ఎక్స్ఛేంజీలో ఆ 96 బ్లాకుల ధరలు రోజూ ఎవరైనా చూడొచ్చు. ఈ వేసవిలో ఒక వారం రాసిపెట్టు. ఏ బ్లాకుల్లో మిషన్ తిప్పొచ్చో, వేటిలో ఆపాలో గీత గీసి తీసుకురా. రోజుకు ఎన్ని గంటలు వస్తాయో చూస్తే, ఆ యజమాని కిస్తీ తీరుతుందో లేదో కూడా మనమే చెప్పగలం. గ్రాఫు కాగితం ఈ గ్రంథాలయంలోనే ఉంది, నేను అడిగి పెట్టిస్తాను.